ఎలక్ట్రాన్ విన్యాసం: బట్టీ అక్కర్లేని పాఠం



మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ములో కొంత పేద పిల్లల చదువుకు వెళుతోంది. ఫీజు రశీదులు, పుస్తకాల బిల్లులు లెక్కల పేజీల్లో కనిపిస్తాయి. ఆ పుస్తకాల లోపల పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో మాత్రం ఏ లెక్కలోనూ కనిపించదు. అందుకే పదో తరగతి సైన్సులోని ఒక్క పాఠాన్ని మీతో కలిసి చదవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. పాఠం పేరు ఎలక్ట్రాన్ విన్యాసం. రసాయన శాస్త్రం చదివి ఏళ్లయినవారికీ, ఎప్పుడూ చదవనివారికీ అర్థమయ్యేలా మొదటి నుంచి చెబుతాను.

ఈ పాఠాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. సైన్సంటే ఆలోచించేదా, అప్పజెప్పేదా అని పిల్లలు తేల్చుకునే చోట్లలో ఇదొకటి. బట్టీ పట్టినవారు 20 మూలకాల దాకా ఎలాగో లాగుతారు. 21వ మూలకం దగ్గర వరస మారేసరికి ఆగిపోతారు. ఇంటర్మీడియట్‌లో ఆవర్తన పట్టిక, రసాయన బంధం, లోహాల ధర్మాలు అన్నీ దీని మీదే నిలబడతాయి. ఇక్కడ కాలు జారితే అవన్నీ కష్టమవుతాయి. "సైన్స్ నాకు రాదు" అనుకుని వేరే గ్రూపు తీసుకున్న తరువాత మనం ఎంత ఫీజు కట్టినా ఆ దారి మళ్లీ తెరుచుకోవడం కష్టం. నిజానికి ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవలసింది మూడు నియమాలు, నాలుగు అంకెలు మాత్రమే.

పరమాణు సంఖ్య

ప్రతి పరమాణువు మధ్యలో ఒక కేంద్రకం ఉంటుంది. అందులోని ప్రోటాన్ల సంఖ్యే పరమాణు సంఖ్య. హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 8, సోడియంకు 11, ఇనుముకు 26, వెండికి 47, బంగారానికి 79. మూలకం ఏదో తేల్చేది ఈ అంకెే తప్ప దాని బరువు కాదు. దీన్ని 1913లో ఎక్స్ కిరణాల ప్రయోగాలతో చూపించినవాడు హెన్రీ మోస్లీ అనే ఇంగ్లండు యువకుడు. రెండేళ్ల తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గల్లిపోలి దగ్గర 27 ఏళ్లకే చనిపోయాడు.

మామూలు పరమాణువులో ప్రోటాన్లు ఎన్నో ఎలక్ట్రాన్లూ అన్నే. కాబట్టి బంగారం పరమాణువులో 79 ఎలక్ట్రాన్లుంటాయి. అవి ఏ ఏ స్థానాల్లో ఎన్నెన్ని ఉన్నాయో రాయడమే ఎలక్ట్రాన్ విన్యాసం.

ఎలక్ట్రాన్ చిరునామా

ఎలక్ట్రాన్ చిరునామాలో మొదటిది కర్పరం. కర్పరాలకు 1, 2, 3, 4 అని వరుస సంఖ్యలుంటాయి. సంఖ్య పెరిగేకొద్దీ కర్పరం కేంద్రకానికి దూరమవుతుంది. రెండోది ఉపకర్పరం. ఉపకర్పరాలు నాలుగు రకాలు: ఎస్, పి, డి, ఎఫ్. ఇవి వర్ణపట రేఖలకు పూర్వం పెట్టిన షార్ప్, ప్రిన్సిపల్, డిఫ్యూజ్, ఫండమెంటల్ అనే ఇంగ్లిషు పేర్లలోని మొదటి అక్షరాలు. అందుకే ఏ అక్షరమాల వరసలోనూ ఉండవు.

మూడోది ఆర్బిటాల్. ఉపకర్పరం ఇల్లయితే ఆర్బిటాల్ అందులోని గది. ఎస్‌లో ఒక గది, పి‌లో 3, డి‌లో 5, ఎఫ్‌లో 7. ఒక్కో గదిలో ఇద్దరికే చోటు. కాబట్టి ఎస్‌లో 2, పి‌లో 6, డి‌లో 10, ఎఫ్‌లో 14 ఎలక్ట్రాన్లు పడతాయి. నేను చెప్పిన నాలుగు అంకెలు ఇవే: 2, 6, 10, 14.

మొదటి కర్పరంలో ఎస్ ఒక్కటే ఉంటుంది. రెండో దానిలో ఎస్, పి. మూడో దానిలో ఎస్, పి, డి. నాలుగో దానిలో నాలుగూ ఉంటాయి. అందుకే ఆ కర్పరాలు వరసగా 2, 8, 18, 32 ఎలక్ట్రాన్లను పట్టగలవు.

గది అన్నది పోలిక కోసమే. ఎలక్ట్రాన్ ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు. అది ఎక్కువగా కనిపించే అవకాశం ఉన్న ప్రదేశాన్ని ఆర్బిటాల్ అంటారు. ఈ తేడాను పిల్లలకు మొదటి రోజే చెబితే ఇంటర్‌లో చదివే పాఠానికీ దీనికీ పొసగక తికమకపడరు.

ఇక రాసే పద్ధతి. 2పి⁴ అని ఉంటే రెండో కర్పరంలోని పి ఉపకర్పరంలో 4 ఎలక్ట్రాన్లు ఉన్నాయని అర్థం. ముందు అంకె కర్పరం, మధ్య అక్షరం ఉపకర్పరం, పైన చిన్న అంకె ఎలక్ట్రాన్ల సంఖ్య. చిన్న అంకెలన్నీ కూడితే పరమాణు సంఖ్య రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్లే. తన జవాబును తానే సరిచూసుకునే వీలున్న పాఠం ఇది.

మొదటి నియమం: తక్కువ శక్తి ముందు

ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఉన్న ఉపకర్పరంతో మొదలుపెట్టి నిండుతాయి. దీన్ని ఆఫ్‌బౌ నియమం అంటారు. ఆఫ్‌బౌ మనిషి పేరు కాదు, జర్మన్ భాషలో కట్టుకుంటూ పోవడం అని అర్థం.

ఏది తక్కువ శక్తి గలదో కనుక్కోవడానికి ఒక చిన్న కూడిక ఉంది. ఎస్‌కు 0, పి‌కి 1, డి‌కి 2, ఎఫ్‌కు 3 అని విలువలు వేసుకోవాలి. ఆ విలువకు కర్పరం సంఖ్య కలపాలి. మొత్తం తక్కువ వచ్చినది ముందు నిండుతుంది. మొత్తాలు సమానమైతే కర్పరం సంఖ్య తక్కువ ఉన్నది ముందు.

20 దాటాక పిల్లలు తడబడేది ఇక్కడే. 3డి ముందా, 4ఎస్ ముందా? 3డి‌కి 3, 2 కలిపితే 5. 4ఎస్‌కు 4, 0 కలిపితే 4. కాబట్టి 4ఎస్ ముందు. తరువాత 3డి, 4పి, 5ఎస్ మూడింటికీ మొత్తం 5. వాటిలో కర్పరం సంఖ్య తక్కువ కనుక 3డి ముందు, తరువాత 4పి, ఆ తరువాత 5ఎస్.

ఇలా లెక్కవేస్తే పూర్తి వరస వస్తుంది: 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్, 5ఎఫ్, 6డి, 7పి. పాఠ్యపుస్తకంలో ఏటవాలు బాణాలతో ఉండే బొమ్మ ఈ కూడికకు చిత్రరూపమే. బాణాల బొమ్మ మరిచిపోయినా కూడిక తెలిసినవారు దాన్ని మళ్లీ గీసుకోగలరు.

రెండో నియమం: ఒక గదికి ఇద్దరే

ఒక ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకు మించి ఉండవు. ఉన్న రెండింటికీ స్పిన్ అనే లక్షణం ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండాలి. అందుకే బొమ్మలో ఒక బాణం పైకి, ఒకటి కిందికి గీస్తారు. దీన్ని 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ప్రతిపాదించాడు. 1945లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది ఈ నియమానికే. పౌలీ వర్జన నియమం లేకపోతే ఎలక్ట్రాన్లన్నీ 1ఎస్‌లోనే చేరిపోయేవి. అప్పుడు మూలకాల మధ్య ఇంత వైవిధ్యమే ఉండదు.

మూడో నియమం: అందరికీ ఒకటి అందాకే రెండోది

రంజాన్‌లో రేషన్ కిట్లు పంచేటప్పుడు మనం పాటించే పద్ధతే ఇది. వీధిలోని ప్రతి ఇంటికీ ఒక కిట్ అందాకే మిగిలినవి రెండో విడతగా ఇస్తాం. సమాన శక్తి ఉన్న ఆర్బిటాళ్లలోనూ ముందు ఒక్కొక్క ఎలక్ట్రాన్ చేరుతుంది, ఆ తరువాతే జతలు మొదలవుతాయి. దీన్ని హుండ్ నియమం అంటారు. పోలిక అంతవరకే. ఎలక్ట్రాన్లు ఇలా చేరడానికి ముఖ్య కారణం అన్నిటిదీ రుణావేశం కావడం. అవి ఒకదాన్నొకటి వికర్షిస్తాయి కనుక వేర్వేరు ఆర్బిటాళ్లలో ఉన్నప్పుడు మొత్తం శక్తి తగ్గుతుంది.

నైట్రోజన్ పరమాణు సంఖ్య 7. విన్యాసం 1ఎస్² 2ఎస్² 2పి³. పి‌లోని మూడు ఆర్బిటాళ్లలో ఒక్కొక్కటి చొప్పున మూడు ఎలక్ట్రాన్లు ఒంటరిగా ఉంటాయి. ఆక్సిజన్‌లో ఎనిమిదో ఎలక్ట్రాన్ వచ్చి ఒకదానితో జత కడుతుంది. 2పి⁴‌లో ఒక జత, రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు.

రాసి చూద్దాం

సోడియం 11: 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్¹.
క్లోరిన్ 17: 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁵.

ఈ రెండు వరసల్లో మన వంటింటి ఉప్పు కథ ఉంది. సోడియం చివరి ఎలక్ట్రాన్ ఒక్కటి పోతే నియాన్ విన్యాసం మిగులుతుంది. క్లోరిన్‌కు ఒక్కటి చేరితే ఆర్గాన్ విన్యాసం వస్తుంది. నియాన్, ఆర్గాన్ ఎవరితోనూ సులభంగా కలవని జడవాయువులు. సోడియం ఇచ్చినది క్లోరిన్ తీసుకుంటే రెండూ స్థిరపడతాయి. సోడియం సంయోజకత 1 ఎందుకో పట్టిక చూసి అప్పజెప్పనవసరం లేదు, 3ఎస్¹ చూస్తే చాలు.

ఇనుము 26: 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి⁶.

చిన్న అంకెలు కూడి చూడండి: 2, 2, 6, 2, 6, 2, 6. మొత్తం 26. ఇంత పొడుగు రాయలేననుకుంటే మొదటి 18 ఎలక్ట్రాన్లను ఆర్గాన్ పేరుతో కుదించవచ్చు: [ఆర్గాన్] 4ఎస్² 3డి⁶. కొన్ని పుస్తకాల్లో 3డి ముందు, 4ఎస్ తరువాత రాస్తారు. రెండూ సరైనవే.

ఇక్కడ పరీక్షల్లో మార్కులు పోయే ఒక మలుపు ఉంది. నిండేటప్పుడు 4ఎస్ ముందు. కానీ ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయేటప్పుడు ముందుగా పోయేవి 4ఎస్‌లోనివే, ఎందుకంటే అవి బయటి కర్పరానివి. రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము [ఆర్గాన్] 3డి⁶. మూడు పోయినది [ఆర్గాన్] 3డి⁵. బడిలో ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది సాధారణంగా రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లోని ఇనుముదీ ఆ స్థితే.

జకాత్ లోహాలు

ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి. నిసాబ్ లెక్క మీ అందరికీ తెలిసిందే. ఈ రెండు లోహాలూ రాగితో కలిసి ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరసలో, 11వ గ్రూపులో ఉంటాయి. పైన చెప్పిన వరస ప్రకారం రాగి 29 కనుక [ఆర్గాన్] 4ఎస్² 3డి⁹ కావాలి. ప్రయోగంలో తేలింది వేరు.

రాగి 29: [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్¹.
వెండి 47: [క్రిప్టాన్] 4డి¹⁰ 5ఎస్¹.
బంగారం 79: [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్¹.

మూడింటిలోనూ డి ఉపకర్పరం పూర్తిగా నిండి, ఎస్‌లో ఒక్క ఎలక్ట్రాన్ మిగిలింది. 4ఎస్, 3డి శక్తులు చాలా దగ్గరగా ఉండడం వల్ల ఒక ఎలక్ట్రాన్ ఇటు మారితే మొత్తం శక్తి తగ్గుతుంది. క్రోమియం 24 కూడా అలాంటిదే: [ఆర్గాన్] 3డి⁵ 4ఎస్¹. డి సగం నిండినా పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువని పుస్తకాలు చెబుతాయి. పదో తరగతికి ఆ వివరణ చాలు. అయితే దాన్ని తిరుగులేని చట్టంగా చెప్పకూడదు. క్రోమియం ఉన్న నిలువు వరసలోనే కిందనున్న టంగ్‌స్టన్ 74 విన్యాసం [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి⁴ 6ఎస్². అక్కడ సగం నిండే పద్ధతి కనిపించదు. చివరి మాట ప్రయోగానిదే.

బంగారం పసుపు రంగులో, వెండి తెల్లగా ఎందుకుంటాయన్న ప్రశ్నకూ జవాబు ఈ విన్యాసంలో ఉంది. బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉండడం వల్ల లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో చెప్పుకోదగ్గ భాగానికి చేరుతుంది. దాని ప్రభావంతో 6ఎస్ లోపలికి కుంచించుకుని దాని శక్తి తగ్గుతుంది, 5డి శక్తి కొంత పెరుగుతుంది. రెండింటి మధ్య తేడా చిన్నదై నీలి కాంతిని పీల్చుకునేంతకు వస్తుంది. నీలం పోగా తిరిగొచ్చే కాంతి మనకు పసుపుగా కనిపిస్తుంది. వెండిలో ఆ తేడా పెద్దది. అది పీల్చుకునేది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కనుక కంటికి కనిపించే రంగులన్నీ తిరిగొస్తాయి.

జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో ప్రసిద్ధమైన అరబ్బు అల్‌కీమియా సంప్రదాయంలో లోహాలను బంగారంగా మార్చే వెతుకులాట శతాబ్దాలు సాగింది. ఆ వెతుకులాటలో స్వేదనం వంటి పద్ధతులు పదునెక్కాయి, బంగారం మాత్రం తయారు కాలేదు. కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు. పాదరసం 80, బంగారం 79. తేడా కేంద్రకంలోని ఒక్క ప్రోటాన్. కాచినా కలిపినా కరిగించినా రసాయన చర్య కదిలించేది బయటి ఎలక్ట్రాన్లనే. కేంద్రకం జోలికి అది పోదు.

విన్యాసం చెబితే దొరికిన మూలకం

ఇది పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరాని పాఠం అనేవారికి ఒక నిజమైన సంగతి చెప్పాలి. 1920ల మొదట్లో 72వ మూలకం గడి ఖాళీగా ఉంది. చాలామంది దాన్ని అరుదైన మృత్తికా లోహాల ఖనిజాల్లో వెతుకుతున్నారు. కోపెన్‌హేగెన్‌లో నీల్స్ బోర్ ఎలక్ట్రాన్ల అమరికను లెక్కవేసి వేరే మాట చెప్పాడు. ఆ లోహాల వరస 71తో ముగుస్తుందని, 72వది జిర్కోనియంను పోలి ఉండాలని అతని వాదన. ఇప్పటి రాతలో చూస్తే జిర్కోనియం 40 విన్యాసం [క్రిప్టాన్] 4డి² 5ఎస్². 72వ దానిది [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి² 6ఎస్². చివరి భాగం రెండింటిదీ ఒకే తీరు.

అక్కడే పనిచేస్తున్న డిర్క్ కాస్టర్, జార్జ్ హెవెశీ జిర్కోనియం ఖనిజాన్ని ఎక్స్ కిరణాలతో పరీక్షించారు. మూలకం దొరికింది. 1922 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలో బోర్ ఆ సంగతి ప్రకటించాడు. కోపెన్‌హేగెన్ లాటిన్ పేరు మీద దానికి హేఫ్నియం అని పేరు పెట్టారు. వెతకవలసిన చోటును చూపించింది ఎలక్ట్రాన్ల లెక్కే.

మూడు భాషలు, ఒకే రాత

మన పిల్లల విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఉర్దూ మీడియంలో చదివినవారు ఇంటర్‌కు వచ్చేసరికి తరగతి ఇంగ్లిషులో ఉంటుంది, ఇరుగుపొరుగు స్నేహితుల నోట్సు తెలుగులో ఉంటుంది. పాత ఉర్దూ పుస్తకంలో జౌహర్, తెలుగులో పరమాణువు, ఇంగ్లిషులో ఆటమ్. మాట మారగానే తెలిసిన విషయం కూడా తెలియనట్టు అనిపిస్తుంది. హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. సొంత భాషలో ఉన్నత విజ్ఞానం చెప్పవచ్చని ఆ కృషి చూపించింది. ఆ వారసత్వం ఉన్న నేల మీద ఒక పిల్ల కేవలం మాట మారినందుకు సైన్సు మానేయడం మనకు బాధాకరం.

ఎలక్ట్రాన్ విన్యాసం ఈ గోడలో ఒక తలుపు. రాసే అక్షరం ఏదైనా పద్ధతి ఒకటే. కూడిక ఒకటే, 2, 6, 10, 14 ఒకటే. ఈ పాఠం బాగా వచ్చిన విద్యార్థికి భాష మారినా తెలిసిన నేల ఒకటి కాలి కింద ఉంటుంది.

దాతలకు నా విన్నపం రెండు మాటలు. మొదటిది, పుస్తకాలతోపాటు ఉపాధ్యాయుల సమయానికి కూడా డబ్బు కేటాయించండి. ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. నల్లబల్ల, మూడు భాషల్లో పేర్లు రాసిన ఒక గోడ పట్టిక, "ఎందుకు" అని అడిగితే విసుక్కోకుండా చెప్పే మనిషి ఉంటే చాలు. రెండోది, మీరు సాయం చేసే పిల్లలు కలిసినప్పుడు మార్కులెన్ని అని మాత్రమే అడగకండి. కింది ప్రశ్నల్లో ఒకటి అడగండి.

మీ ఇంట్లో ప్రయత్నించండి

1. అల్యూమినియం (13) విన్యాసం రాయండి.
2. కాల్షియం (20)లో చివరి రెండు ఎలక్ట్రాన్లు 3డి‌లో కాక 4ఎస్‌లో ఎందుకు చేరాయి?
3. ఫాస్ఫరస్ (15)లో జత కట్టని ఎలక్ట్రాన్లు ఎన్ని?
4. జింక్ (30) విన్యాసం కుదించి రాయండి.

జవాబులు: 1) 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి¹. 2) 4ఎస్ మొత్తం 4, 3డి మొత్తం 5, తక్కువది ముందు నిండుతుంది. 3) మూడు, 3పి³‌లో ఒక్కో ఆర్బిటాల్‌లో ఒకటి. 4) [ఆర్గాన్] 4ఎస్² 3డి¹⁰.

జవాబు తప్పినా ఫరవాలేదు. చిన్న అంకెలు కూడి ఎక్కడ తప్పిందో వాళ్లే కనుక్కోగలిగితే మీ సాయం చేరవలసిన చోటికి చేరినట్టే. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దాతలందరికీ ఇహపరాల్లో మేలును ప్రసాదించుగాక. ఆమీన్.